రుద్రమదేవి పాత్రకు రూపమిచ్చు గ్రంథములు

చారిత్రక నాటకమున పాత్ర ధరించువారికి కిరీటము, కత్తి అద్దెకు దొరకును. ఆ కాలపు మనసు మాత్రము గ్రంథములలో వెదకికొనవలసినదే. రేడియో నాటకమున కిరీటమునకును పనిలేదు, పలుకొక్కటే ఆధారము. కనుక కాకతీయ రుద్రమదేవి పాత్రను ధరింపబూనిన నటి ఏ గ్రంథమునుండి ఏమి గ్రహింపవలెనో కొంచెము విచారింతము.

మొదటిది మార్కోపోలో యాత్రాగ్రంథము. 13వ శతాబ్దపు ఆ వెనిస్ వర్తకుడు మోటుపల్లి రాజ్యపు వజ్రములను, సాలెపట్టువంటి సన్నని వస్త్రములను వర్ణించి, న్యాయముగా నేలిన రాణిని మెచ్చుకొనెను. కాని ఆమెను గతించిన రాజునకు భార్యగా చెప్పెను. నిజమునకు రుద్రమ గణపతిదేవుని కుమార్తె; ఆమె భర్త చాళుక్య వీరభద్రుడు. ఈ గ్రంథమునే నమ్మిన నటి వితంతువును చూపును గాని, తండ్రి ఒప్పగించిన భారమును మోసిన బిడ్డను చూపజాలదు.

రెండవది ‘నృత్తరత్నావళి’. గణపతిదేవుని గజసాహిణి జాయప దీనిని 1253-54 ప్రాంతమున సంస్కృతమున రచించెను. ఏనుగుల సేనను నడిపినవాడే నాట్యశాస్త్రము వ్రాసిన కొలువది. అట్టి సభలో పెరిగిన రాణి పలుకు కేవలము కత్తిమొనవలె నుండుట తగదు.

మూడవది ‘క్రీడాభిరామము’. ఓరుగంటి వీధులు, కోడిపందెములు, పూటకూటింటి భోజనము, పల్నాటి వీరుల కథాగానము ఇందు కన్నులకు గట్టును. ఇది రుద్రమ కాలమునకు తరువాతిది. కావున వీధి సందడికి పనికివచ్చును; రాణి మాటకు ప్రమాణము కాదు.

ఇక శాసనములు. పెక్కింట ఆమె పేరు ‘రుద్రదేవ మహారాజు’. పురుషనామముతో ఏలిన స్త్రీ కంఠము ఎట్లుండవలెనన్నది నటికి తొలి ప్రశ్న. 1261 నాటి మల్కాపుర శాసనము, తండ్రి సంకల్పించిన గ్రామదానమును ఆమె నెరవేర్చిన సంగతి తెలుపును. ఆ దానపు రాబడిలో ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు కూడ భాగము కలదు.

కడపటిది నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము. 1289 నవంబరు 27 నాటి ఆ రాతిపై, రుద్రమదేవికిని, సేనాని మల్లికార్జున నాయకునికిని పుణ్యముగా అతని సేవకుడు చేసిన దానము చెక్కబడియున్నది. అప్పటికి వారిరువురును గతించిరి. కాయస్థ అంబదేవునితో జరిగిన పోరున ఆమె మరణించెనని చరిత్రకారులు ఊహించిరి. ఆమె తరువాత సింహాసనమెక్కినవాడు మనుమడు ప్రతాపరుద్రుడు.

రుద్రమ యనగానే గుఱ్ఱమెక్కిన యువతి మన కన్నుల మెదలును. చందుపట్ల రాయి మనకు చూపునది మనుమని చేతికి రాజ్యము దక్కునట్లు చూచిన అమ్మమ్మను. వీరావేశమును కంఠమున పలికించుట కొంత సులభము. ఆ వయసును, ఆ భారమును పలికింపగలిగిన నటియే ఈ పాత్రకు న్యాయము చేసినదగును.