పెట్టెలో వచ్చిన పరదేశపు రుచి

నేడు నెలకొక దేశపు వంటకాలు పెట్టెలో ఇంటికే వస్తున్నాయి. మా తరానికి పరదేశపు రుచి బడిలోనే పరిచయమైంది.

1945లో ఏర్పడిన అమెరికా సంస్థ ‘కేర్’, 1946లో యుద్ధంతో చితికిన ఐరోపాకు ఆహారపు పెట్టెలు పంపనారంభించింది. 1960 దశకంలో ఆ సంస్థ పాలపొడి, గోధుమరవ్వ మన బడులకూ చేరాయి. సంగటి తిని పెరిగిన కదిరి పిల్లలం ఉప్మా కోసం పళ్లేలతో వరుసకట్టేవాళ్లం. కరవు సీమలో ఆకలి తీర్చిన ఆ మేలు మరువరానిది.

అయితే అప్పటి నుండే సంగటి పేదల తిండి అన్న చిన్నచూపు మాలో నాటుకుంది. వైద్యుడినయ్యాక గాని తెలిసిరాలేదు: వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో పది మాత్రమే.

కొత్త రుచులను ఆదరించండి. సంగటి ముద్దను మాత్రం వదలకండి.