వకీలు చుట్టూ గుంపుగా కూర్చున్న చరిత్ర

అంతర్జాతీయ మానవ హక్కుల న్యాయవాదులు కొద్దిమందిని బృందంగా కూర్చోబెట్టుకుని కొన్ని వారాలు దారి చూపించే కార్యక్రమాలకు ఈ మధ్య మన పిల్లలు కూడా దరఖాస్తు పెడుతున్నారు. పెట్టండి. ఇంగ్లీషు సరిగా రాదని వెనక్కి తగ్గొద్దు. కానీ పెద్ద వకీలు చుట్టూ గుంపుగా కూర్చుని చట్టం నేర్చుకోవడం మనకు కొత్తేమీ కాదని తెలుసుకుని వెళ్లండి.

కన్నబిరాన్ గారు 1978 నుంచి 1994 వరకు ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం అధ్యక్షులు. ఆ సంఘం, 1998లో మొదలైన మానవ హక్కుల వేదిక చేసిన పనిలో ముఖ్యమైనది నిజనిర్ధారణ. దాన్ని మనం నివేదికగానే చూస్తాం. నేను దాన్ని బడిగా చూస్తాను. ఒక వకీలు, ఒక లెక్చరరు, ఒకరిద్దరు విద్యార్థులు కలిసి ఊరికి వెళ్తారు. ఏడుస్తున్న మనిషిని ఏ ప్రశ్న ముందు అడగాలి, ఎఫ్ఐఆర్ కాపీలో ఏ తేదీ చూడాలి, పోలీసుల మాట నమ్మకపోయినా ఎందుకు రాసుకోవాలి, ఇవన్నీ పక్కనుండి చూసి నేర్చుకోవలసిందే. బాలగోపాల్ గారు కాకతీయ యూనివర్సిటీలో లెక్కల పాఠం చెప్పిన మనిషి. ఏళ్ల తరబడి ఇలా ఊళ్లు తిరిగిన తర్వాతే నల్లకోటు వేసుకున్నారు. చట్టం ఆయనకు ముందు పల్లెలో ఎదురైంది, కోర్టులో తర్వాత.

బొజ్జా తారకం గారు ఇంకో దారి పట్టారు. ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అని చిన్న పుస్తకం రాశారు. వకీలు అందుబాటులో లేని చోట కార్యకర్త సంచిలో ఉండాల్సిన పుస్తకం అది. 1985లో కారంచేడు జరిగినప్పుడు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి వచ్చేశారు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మందిని నరికేశాక, బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును తమ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అన్నేళ్లు సాక్షులు చెదిరిపోకుండా నిలబడటం ఒక్క వకీలు వల్ల అయ్యే పని కాదు, గుంపు నేర్చుకుంటేనే అవుతుంది.

ఇక మన అడవి అంచుకు వద్దాం. గోదావరికి ఒక ఒడ్డున భద్రాచలం, అది మద్రాసు ప్రెసిడెన్సీ ఏజెన్సీ. అక్కడ 1917 భూబదలాయింపు చట్టం. ఇవతలి ఒడ్డున పాల్వంచ వైపు నిజాం రాజ్యం, అక్కడ 1359 ఫసలీ, అంటే 1949 నాటి గిరిజన ప్రాంతాల నిబంధన. ఒకే కోయ చుట్టరికానికి రెండు చట్టాలు! 1959 నిబంధనను 1963లో తెలంగాణకు వర్తింపజేశాక ఒకటయ్యాయి. 1970 సవరణ, అదే మనం 1/70 అనేది, వకీలు దగ్గర కూర్చుని అక్షరం అక్షరం చదవాల్సిన చట్టం. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని అది ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. మామూలు సివిల్ దావాకు ఇది పూర్తిగా తలకిందులు. భూమిని వెనక్కి ఇప్పించమని సంబంధం ఉన్న ఎవరైనా దరఖాస్తు పెట్టొచ్చు. ప్రభుత్వ ఉద్యోగి రాసిచ్చిన సమాచారం మీద కూడా, అధికారి తనంతట తానుగా కూడా కేసు మొదలుపెట్టొచ్చు. ఈ రెండు సంగతులు తెలిసిన కోయ కుర్రాడికీ తెలియని కుర్రాడికీ మధ్య ఎకరాల తేడా ఉంటుంది.

మరి మనవాళ్ల సంగతి? ఈ పల్లెల్లో తరాలుగా ఉన్న మాల, మాదిగ కుటుంబాలున్నాయి. మిర్చి, పొగాకు రైతుల వెనక కూలికి వచ్చినవాళ్లూ ఉన్నారు. 1/70 ముందు వందెకరాల ఆసామీ, అతని చేలో కాయలు ఏరే మాదిగ ఆడమనిషి ఇద్దరూ గిరిజనేతరులే. ఆసామీకి స్టే ఉంటుంది, బినామీ ఉంటాడు. ఆమెకు గుడిసె జాగాకు కూడా కాగితం ఉండదు. అందుకే ఆసామీలు 1/70 రద్దు చేయాలన్నప్పుడల్లా ఊరేగింపులో ముందు వరసకు మనవాళ్లను తోస్తారు. ఆ వరసలో మనం నిలబడకూడదు. ఆ చట్టం పోతే భూమి మనకు రాదు, వాళ్లకే పోతుంది.

మనం అడగాల్సింది వేరే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనేతర అటవీవాసులకు కూడా హక్కు ఇచ్చింది. కానీ 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడ ఉండాలంది. లెక్క వేస్తే 1930. 1930లో ఈ ఒడ్డున నిజాం దగ్గర గానీ ఆ ఒడ్డున తెల్లదొర దగ్గర గానీ ఏ మాదిగకు కాగితం ఉంది? ఇక్కడే వకీలు కావాలి. చట్టం అడిగేది 75 ఏళ్ల నివాసం, అడవి మీద ఆధారపడిన బతుకు. ఆ చెలక 75 ఏళ్లుగా సాగులో ఉందని కాదు. నిబంధనల్లో 13వది ఊరి పెద్దల వాంగ్మూలాన్ని కూడా సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. ఆ పెద్ద కోయ ముసలాయనే కావచ్చు. ఆయన మన కోసం చెప్పాలంటే, ఆయన 1/70 కేసులో మనం ఎటు నిలబడ్డామో చూస్తాడు కదా.

అంతర్జాతీయ చట్టం ఇక్కడ దేనికి పనికొస్తుందని అడగొచ్చు. సల్వాజుడుం మొదలైన 2005 నుంచి ఛత్తీస్‌గఢ్ దాటి వచ్చిన గుత్తికోయలు మన అడవుల్లోనే ఉన్నారు. దేశం సరిహద్దు దాటలేదు కాబట్టి చట్టం దృష్టిలో వాళ్లు శరణార్థులు కారు. ఇలాంటివాళ్ల కోసం 1998లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు వచ్చాయి. వాటికి కోర్టు బలం లేదు గానీ, అధికారిని నిలదీసేటప్పుడు చేతిలో ఉంటే మేలు. కులం కూడా అంతే. అది జాతి వివక్ష కిందకు రాదని మన ప్రభుత్వం వాదిస్తూ వచ్చింది. పుట్టుక ఆధారంగా జరిగే వివక్షలో కులం కూడా ఉందని 2002లో జాతి వివక్ష నిర్మూలన కమిటీ రాసిపెట్టింది. ఈ రెండూ విదేశీ వకీలు మనకన్నా బాగా చెప్పగలరు. 1/70ను మాత్రం మనమే ఆయనకు చెప్పాలి.

ఎంపికైనవాళ్లు మొదటి రోజుకే మూడు కాగితాలు పట్టుకెళ్లండి. 1/70 తెలుగు ప్రతి, మీ ఊళ్లో తిరస్కరించిన ఒక అటవీ హక్కు దరఖాస్తు, ఆ తిరస్కరణకు రాసిన కారణం. కారణమే రాయకపోతే, మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

వచ్చే భాగంలో 1359 ఫసలీ నిబంధన గురించి రాస్తాను. జై భీమ్.