మగ్గం గుంట చుట్టూ కట్టిన ఇల్లు

విజయనగరం చరిత్ర అనగానే కోటతో మొదలుపెట్టడం మనకు అలవాటు. 1713లో మొదలైన ఆ కోట గురించీ, 1757 నాటి బొబ్బిలి యుద్ధం గురించీ రాసినవారికి కొదవ లేదు. గురజాడ నివసించిన ఇల్లు స్మారకంగా నిలిచింది, నిలవవలసిందే. కాని ఈ సీమకు సముద్రాల అవతల పేరు తెచ్చిన సరుకు కోటలో పుట్టలేదు. అది బట్ట. ఆ బట్ట పుట్టిన ఇంటికి మన చరిత్ర రచనలో దొరికిన చోటు బహు తక్కువ.

రాజుది రాతి కట్టడం, నేతగాడిది మట్టిల్లు, అందుకే ఒకటి మిగిలింది, రెండోది పోయింది అంటారు. ఇందులో సగమే నిజం. మట్టి గోడ కూలితే మళ్లీ ఆ చోటనే లేపుతారు. తాటాకు పోయి పెంకు వస్తుంది, పెంకు పోయి రేకు వస్తుంది. మగ్గం కూర్చునే గది మాత్రం మగ్గానికి తగ్గట్టే ఉండాలి. గోడ కొత్తదైనా కొలత పాతది. నేతగాడి ఇంటి ప్రాచీనతను గోడల్లో వెతికేవాడికి ఏమీ దొరకదు. నేలలో, కొలతలో వెతకాలి.

ఆ కొలత చూడాలంటే విజయనగరం నుంచి శ్రీకాకుళం వైపు వెళ్లే రైలు దారిలో, చీపురుపల్లి దాటాక వచ్చే పొందూరు దాకా పోవాలి. ఉత్తరాంధ్ర పల్లెల్లో తరుచుగా కనిపించే వరస ఇళ్ల పద్ధతే అక్కడి పాత నేత వీధులదీ. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒకటే. వీధి మొగం సన్నం, లోతు ఎక్కువ. ముందు అరుగు, దాని మీదికి వాలిన చూరు, లోపల నడవ, దాని వెనక వంటిల్లు, పెరడు. ప్రక్క గోడల్లో కిటికీ పెట్టే వీలు లేదు కనుక వెలుతురు ముందు నుంచో వెనక నుంచో రావలసిందే. నేను చూసిన పాత ఇళ్లలో మగ్గం వీధి వైపు వెలుతురుకు దగ్గరగానే ఉంది. నూరు నంబరు సన్న నూలులో తెగిన పోగును కంటితో పట్టుకోవాలి మరి. దేవుడి గూడు ఎక్కడుండాలో శాస్త్రం చెబుతుందేమో గాని, ఈ ఇంట్లో మొదటి వాస్తు మగ్గానిది.

ఆ మగ్గం గుంటమగ్గం. నేలలో మోకాలి లోతుకు మించి గొయ్యి తీసి, దాని అంచున నేతగాడు కూర్చుంటాడు. కాళ్లు గుంటలోకి దిగి తొక్కుడు పలకల మీద ఆడతాయి, చేతులు నాడెనూ పన్నెనూ నడిపిస్తాయి. పడుగు నేలకు జానెడు, మూరెడు ఎత్తున సాగి ఉంటుంది. దీన్ని బీదవాడి సర్దుబాటుగా చూసేవారున్నారు. కుర్చీ లేక నేల మీద కూర్చున్నాడనుకుంటారు. అది పొరపాటు. సన్న నూలు పొడిగాలికి పెళుసెక్కి తెగుతుంది. మట్టి నేల, మట్టి గుంట విడిచే చెమ్మ ఆ పోగును మెత్తగా ఉంచుతుంది. మిల్లులు యంత్రాలు పెట్టి, ఆవిరి పట్టించి తెచ్చుకునే తేమను నేతగాడు భూమి నుంచే తీసుకున్నాడు. ఇంజనీరింగ్ అన్న మాటను దీనికి వాడడానికి మనం ఎందుకు వెనకాడాలి?

అయితే ఆ గుంటను కీర్తిస్తూ కూర్చోవడం కూడా తగదు. తేమ ఇచ్చిన నేలే వానాకాలంలో నీరూరుతుంది. గుంట నిండితే పని ఆగుతుంది, పని ఆగితే కూలి ఆగుతుంది. ఏళ్ల తరబడి వంగి కూర్చున్న నడుమూ, చెమ్మలో నానిన కాళ్లూ ఏ ఎగ్జిబిషన్‌లోనూ కనబడవు.

మగ్గం దగ్గర మగవాణ్ణి చూసి ఇది అతని ఇల్లనుకుంటాం. పొందూరు బట్టలో సగానికి పైగా పని మగ్గం ఎక్కకముందే అయిపోతుంది, అది ఆడవాళ్ల పని. కొండపత్తి, పునాస పత్తి గింజ తీయకముందే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్లకు సాటివచ్చే దువ్వెనను ఇనుముతో ఇంకా ఎవరూ చేసి చూపలేదు. తరువాత గింజ తీయాలి, ఏకాలి, ఏకులు చుట్టాలి, వాటిని ఎండిన అరటి దొప్పలో భద్రపరచాలి, రాట్నం మీద వడకాలి. ఇదంతా వంటింటి గడపకూ వీధి అరుగుకూ మధ్య, పిల్లల్ని చూసుకుంటూ సాగే పని. సన్న నూలు వడికేవారిలో పట్టుసాలి స్త్రీలు ముఖ్యులు. నేసేవారిలో దేవాంగులు ఎక్కువ. అంటే ఒక పంచె పూర్తయ్యేలోపు నూలు ఒక కులం అరుగు మీంచి మరో కులం గుంటలోకి నడిచి వెళుతుంది. కనుక ఒక్క ఇంటి పటం గీస్తే చాలదు, రెండు వీధుల పటం గీయాలి.

వీధి కూడా ఇంటిలో భాగమే. పడుగు పదుల గజాల పొడవు. దాన్ని ఏ గదిలో సాచగలరు? తెల్లవారుజామున, ఎండ ముదరకముందే, వీధి పొడుగునా కర్రలు నాటి పడుగు సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. ఆ పూట బండి పక్కనుంచి పోవాలి. నేత వీధి వెడల్పును నిర్ణయించింది రథం కాదు, పడుగు. అటూ ఇటూ తిరిగే మనిషిని ‘ఆసులో కండె’ అంటాం గాని, ఆ ఆసు ఏ అరుగు మీద నిలబడేదో మన సాహిత్య విద్యార్థుల్లో ఎందరు చూశారు?

ఈ ఇంటి గుట్టు మొదట పసిగట్టినవారు వర్తకులు. డచ్చివారు భీమునిపట్నంలో, ఇంగ్లీషువారు విశాఖపట్నంలో 17వ శతాబ్దంలోనే దిగింది ప్రధానంగా బట్ట కోసం. వారి లెక్కల్లో బట్టను పుంజాలతో కొలిచేవారు. పుంజం అంటే 120 పడుగు పోగులు. నేతగాడి నోటి మాట లండను చిట్టాలకెక్కింది, లాభం మాత్రం ఆ నోటికి అందలేదు. 1766 నాటి ఒప్పందంతో ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యాక కొనేవాడూ పాలకుడూ ఒకడే అయ్యాడు. బయానా పుచ్చుకున్న మగ్గం మరొకరికి నేయకూడదు. ఆపైన మొహతర్ఫా పన్ను. పొలం లేనివాడి దగ్గర పన్ను ఎలా రాబట్టాలన్న ప్రశ్నకు జవాబుగా, ఇంట్లోని మగ్గం మీదే దాన్ని వేశారు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ పార్లమెంటుకు పెట్టుకున్న అర్జీలో ఈ పన్ను బాధ కూడా ఉంది. 1833 చట్టంతో కంపెనీ వర్తకం ముగిసింది. అప్పటికే లాంకషైర్ బట్ట రేవుల్లో దిగుతోంది. ఒకప్పుడు బట్టలెక్కిన ఈ తీరం నుంచే తరువాత కూలీలు రంగూను ఓడలెక్కారు.

1920ల ఖాదీ ఉద్యమం పొందూరుకు మళ్లీ పేరు తెచ్చింది. 1949లో ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. అది పత్తినీ, నూలునీ, కొనుగోలునూ ఒక దారిన పెట్టి ఈ పనిని నిలిపింది. అంతవరకు దాని మేలు కాదనలేం. పంచె పేరు పెరిగినంతగా కూలి పెరిగిందా అన్నది ప్రతి అరుగు మీదా నేటికీ వినబడే ప్రశ్న.

2019లో రాష్ట్ర ప్రభుత్వం సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయల చొప్పున ఇచ్చే పథకం పెట్టింది. పన్ను వేసిన కంపెనీకీ, సాయం చేసిన సర్కారుకూ పోలిక లేదు. గుర్తు పట్టే తీరు మాత్రం ఒకటే, ఇంట్లో మగ్గం ఉందా లేదా అని చూడడం. ఇతరుల మగ్గం మీద కూలికి నేసేవాడు ఆ లెక్కకు అందలేదు. అరుగు మీద వడికే స్త్రీ అసలే అందలేదు.

1985 తరువాత కేంద్రం నేతవారికి ఇల్లూ, పనిచోటూ కలిపి ఇచ్చే పథకం ఒకటి తెచ్చింది. ఆ ఆలోచన సరైనదే. కాని నేతవారందరూ ఆ పద్దు కింద ఇల్లు పొందలేదు. చాలామందికి అందరిలాగే మామూలు కాలనీ స్థలం వచ్చింది. 2020లో పల్లెల్లో పంచినది కుటుంబానికి సెంటున్నర, అంటే 72 గజాల చిల్లర. అందులో లేచే ఇల్లు 340 చదరపు అడుగులు. పడకగది, వంటగది, మరుగుదొడ్డి, ముందు చిన్న వరండా. తరతరాలుగా చూరు కింద తడిసిన కుటుంబానికి ఇది చిన్న వరం కాదు, వద్దనే హక్కు నాకు లేదు. కాని సిమెంటు గచ్చు తవ్వి గుంట తీయడం కష్టం, తీసినా ఆ నేల చెమ్మ ఇవ్వదు. స్టాండు మగ్గం పెడితే చుట్టూ మనిషి మసిలే చోటుతో కలిపి ఒక గది పోతుంది. వీధిలో పడుగు సాచడానికి కాలనీ రోడ్డు మీద ఆటోలు ఆగవు. కొత్త ఇంట్లోకి మారినవారిలో కొందరు నేయడానికి రోజూ పాత ఇంటికి నడిచి వస్తున్నారు. అక్కడ పైకప్పు సగం కూలి ఉంటుంది, గుంట మీద మాత్రం రేకు కప్పి ఉంటుంది.