గుమ్మానికి టేకేనా?

పోయిన నెల నాన్నతో కలిసి ఎల్బీనగర్లో ఒక టింబర్ డిపోకి వెళ్ళాను. దిల్‌సుఖ్‌నగర్లో ఉన్న మా పాత ఇంటికి రిపేర్లు చేయిస్తున్నాం, తలుపులూ దర్వాజాలూ మార్చాలి. డిపో ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "బర్మానా, ఘనానా, బళ్ళార్షానా?"

గమనించారా? ఏ కర్ర కావాలి అని అడగలేదు. ఏ ఊరి టేకు అని అడిగాడు. టేకు మనకి డిఫాల్ట్ ఆప్షన్ అన్నమాట. మిగతావన్నీ కలిపి ఆయన లెక్కలో "జంగిల్ వుడ్".

కానీ నల్లగొండ జిల్లాలో మా తాత ఇంట్లో టేకు ముక్క ఒక్కటి లేదు. దూలాలు తాటివి, దర్వాజాలు వేపవి, బండి చక్రాలు తుమ్మవి. అప్పటి వడ్రంగి పనిని బట్టి చెట్టుని ఎంచుకునేవాడు. దెబ్బలు తినే చక్రానికీ నాగలికీ తుమ్మ, పురుగు పట్టకూడని చోట వేప, అడవి దగ్గరి ఊళ్ళలో బరువు మోసే దూలానికి నల్లమద్ది, తలుపులకి ఏగిస. ఇప్పటికీ ఏటికొప్పాక బొమ్మకి అంకుడు, నిర్మల్ బొమ్మకి పొనికి, బొబ్బిలి వీణకి పనస. మరి ఇంటికి మాత్రం టేకే అన్న రూలు ఎక్కణ్ణుంచి వచ్చింది?

టేకు గొప్పదే, కాదనను. దాన్లోని నూనె వల్ల చెద అంత తొందరగా పట్టదు. ఎండకీ వానకీ పెద్దగా వంకరపోదు. ఇనుప మేకు దించినా మేకు తుప్పు పట్టదు. ఈ గుణాల వల్లే బ్రిటిష్ వాళ్ళ ఓడలకి అది కావలసి వచ్చింది. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండులో ఇప్పటికీ నీళ్ళమీదే ఉంది. అడవులు తరిగిపోతుంటే 1840ల్లో కేరళలోని నిలంబూరులో ఏకంగా టేకు తోటలు వేశారు. 1885లో బర్మా మీద యుద్ధానికి దొరికిన సాకు కూడా టేకు దుంగల వ్యాపారం చేసే ఒక కంపెనీ మీద అక్కడి రాజు వేసిన జరిమానాయే!

తరవాత రైళ్ళు వచ్చాయి. మన వాడి-సికింద్రాబాద్ లైను 1874లో మొదలైంది. దేశమంతా పట్టాల కింద వెయ్యడానికి గట్టి కర్ర కావాలి. 1878లో ఇండియన్ ఫారెస్ట్ యాక్టు, 1882లో మద్రాసు వాళ్ళది వచ్చాయి. విలువైన చెట్లు సర్కారు పద్దులోకి వెళ్ళాయి. నిన్నటిదాకా అడవిలోంచి దూలం తెచ్చుకున్నవాడు ఇవాళ దొంగ అయ్యాడు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా సర్కారు తోటలంటే ఎక్కువగా టేకో, యూకలిప్టసో. మార్కెట్టూ, డిపోలూ, గ్రేడ్లూ అన్నీ టేకు చుట్టూ పెరిగాయి. మిగతా చెట్ల గురించి వడ్రంగికి తెలిసిన విద్య మాత్రం మెల్లగా ఎగిరిపోయింది.

1996 డిసెంబరు 12న సుప్రీం కోర్టు అడవుల నరికివేతకి కళ్ళెం వేసింది. దిగుమతులు పెరిగాయి. 2014 ఏప్రిల్ నుంచి బర్మా దుంగల ఎగుమతి ఆపేసింది. కాబట్టి ఎవరైనా "అసలు బర్మా" అంటే కాగితాలు అడగండి. ఘనా టేకు తోటల్లో పెంచింది. చిన్న వయసులో కొట్టిన చెట్టులో చేవ తక్కువ, తెల్లకర్ర ఎక్కువ. చెద ముందు పట్టేది ఆ తెల్లకర్రకే. నా మట్టుకు నాకు, తెల్లకర్ర ఎక్కువున్న టేకు కన్నా బాగా ఆరిన వేప చేవే నయం. నల్లమద్ది బరువు, రంపాన్ని ఏడిపిస్తుంది, సరిగ్గా ఆరబెట్టకపోతే పగుళ్ళిస్తుంది. కానీ దర్వాజాకి భేషుగ్గా ఉంటుంది.

ఇదంతా డిపోలోనే నాన్నకి లెక్చరిచ్చాను. ఆయన ఓపిగ్గా విని, "మా చిన్నప్పుడు ఊళ్ళో టేకు తలుపు దొర గడీకి ఒక్కదానికే ఉండేదిరా. నా ఇంటి ముందు ఒకటి ఉండనీ" అన్నారు.

నా చరిత్రంతా ఆ ఒక్క మాట ముందు తేలిపోయింది. ముందు గుమ్మానికి బళ్ళార్షా టేకు కొన్నాం. లోపలి గదులకి మాత్రం తాత ఇంటి వేప దర్వాజాలు ఊరి నుంచి తెప్పించి చిత్రిక పట్టించాం. నాలుగింటిలో మూడు నిక్షేపంగా ఉన్నాయి. నాలుగోదానికి చెద పట్టింది. దాని స్థానంలో నల్లమద్ది కోసం ఇంకా వెతుకుతున్నాను.