ఉష్ణ రసాయన శాస్త్రం (చరిత్ర)

రసాయన చర్యలో ఎంత వేడి వెలువడుతుందో, ఎంత వేడి లోనికి పోతుందో కొలిచే శాస్త్రశాఖ ఇది. కొలవడానికి వీల్లేని చోట లెక్క కట్టి చెబుతుంది. వేడిని విడుదల చేసే చర్య ఉష్ణమోచకం, గ్రహించేది ఉష్ణగ్రాహకం. స్థిర పీడనం వద్ద జరిగే చర్యలో ఇచ్చిపుచ్చుకునే వేడినే ఆ చర్య ఎంథాల్పీ మార్పు అంటారు. ఇంటర్మీడియెట్ విద్యార్థులు ఉష్ణగతిక శాస్త్రం పాఠంలో హెస్ నియమం పేరుతో చదివే లెక్కలన్నీ ఈ శాఖవే.

తొలి దశ

ప్రాచీన గ్రీకులూ భారతీయ దార్శనికులూ అగ్నిని మూలభూతాల్లో ఒకటిగా ఎంచారు. ఆ తరువాత వచ్చిన రసవాదులు కొలిమి ముందు శతాబ్దాలు గడిపినా వేడికి కొలత ఏర్పడలేదు. 17వ శతాబ్దంలో ఉష్ణమాపకాలు వచ్చాయి. అయితే అవి చూపేది ఉష్ణోగ్రతనే. ఒక పదార్థంలోకి ఎంత వేడి చేరిందన్నది వేరే ప్రశ్న. ఈ రెంటికీ మధ్య గీత గీసినవాడు గ్లాస్గో ఆచార్యుడు జోసెఫ్ బ్లాక్. కరుగుతున్న మంచుగడ్డకు వేడి అందుతూనే ఉన్నా దాని ఉష్ణోగ్రత పెరగదని 1760ల ఆరంభంలో ఆయన చూపి, అలా దాగిపోయే వేడిని గుప్తోష్ణం అన్నాడు. ఒకే బరువున్న వేర్వేరు పదార్థాలను ఒక డిగ్రీ వేడెక్కించడానికి వేర్వేరు పరిమాణాల్లో వేడి కావాలన్న విశిష్టోష్ణ భావన కూడా ఆయన పాఠాల్లోనిదే.

మంచు కెలోరీమీటర్

1782-83 చలికాలంలో పారిస్‌లో ఆంత్వాన్ లావోయిజర్, పియరీ సైమన్ లాప్లాస్ కలిసి చేసిన ప్రయోగాలతో ఈ శాస్త్రం నిజంగా మొదలైంది. వాటి ఫలితాలను 1783 జూన్‌లో సైన్స్ అకాడమీకి సమర్పించారు. వారి పరికరంలో ఒకదానిలో ఒకటి అమర్చిన మూడు గదులు ఉండేవి. నడిమధ్య గదిలో మండే వస్తువునో, వేడి లోహాన్నో, బతికున్న జంతువునో ఉంచేవారు. దాని చుట్టూ ఉన్న రెండో గదినిండా మంచుముక్కలు. వాటికి వెలుపల ఇంకో మంచు పొర. బయటిగాలి వేడిని వెలుపలి పొర అడ్డుకుంటుంది కాబట్టి లోపలి మంచును కరిగించేది నడిమధ్యనుంచి వచ్చే వేడి మాత్రమే. అడుగునున్న కుళాయి నుంచి కారిన నీటిని తూస్తే ఆ వేడి ఎంతో తెలుస్తుంది. వేడిని తక్కెడకు ఎక్కించిన ఈ ఆలోచన అపూర్వమైనది.

ఒక పౌను మంచును కరిగించే వేడి, ఒక పౌను నీటిని 60 రియోమ్యూర్ డిగ్రీలు, అంటే 75 సెంటీగ్రేడ్ డిగ్రీలు వేడెక్కిస్తుందని వారు తేల్చారు. నేటి విలువ 80కి కాస్త తక్కువ. గినీపందిని ఆ గదిలో 10 గంటలు ఉంచితే 13 ఔన్సుల మంచు కరిగింది. అంతే సమయంలో అది వదిలే బొగ్గుపులుసు వాయువును విడిగా కొలిచి, అంత వాయువు రావడానికి బొగ్గును మండిస్తే దాదాపు 10.4 ఔన్సుల మంచు కరుగుతుందని లెక్కగట్టారు. రెండు అంకెలూ సరిగ్గా కలవకపోయినా దగ్గరపడ్డాయి. శ్వాసక్రియ నెమ్మదిగా సాగే దహనమేనన్న నిర్ణయానికి ఇది బలమైన ఆధారమైంది. ఒక సంయోగ పదార్థం ఏర్పడేటప్పుడు వెలువడిన వేడే దాన్ని విడగొట్టడానికీ కావాలన్న సూత్రం కూడా వారు అకాడమీకి సమర్పించిన వ్యాసంలోనిదే.

పరికరానికి లోపం లేకపోలేదు. కరిగిన నీటిలో కొంత మంచుముక్కల సందుల్లోనే నిలిచిపోతుందని ఇంగ్లండులో జొసయా వెడ్జ్‌వుడ్ ఎత్తిచూపాడు. 1870లో బన్సెన్ నీటిని తూచడం మాని, మంచు కరిగినప్పుడు తగ్గే ఘనపరిమాణాన్ని కొలిచి ఈ చిక్కును తప్పించాడు. లావోయిజర్ మాత్రం వేడిని కెలోరిక్ అనే పదార్థంగానే భావించి, 1789 నాటి తన మూలకాల జాబితాలో చేర్చాడు. 1794 మే 8న విప్లవ ప్రభుత్వం ఆయనకు మరణశిక్ష అమలు చేసింది. ఆ తరువాత నాలుగు దశాబ్దాలకు పైగా ఈ రంగంలో చెప్పుకోదగిన కొత్త సూత్రం రాలేదు.

హెస్

జెర్మేన్ హెన్రీ హెస్ 1802లో జెనీవాలో పుట్టి, చిన్ననాడే కుటుంబంతో రష్యా చేరాడు. దోర్పాత్ (నేటి తార్తు) విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, స్టాక్‌హోంలో బెర్జీలియస్ వద్ద కొద్దికాలం రసాయనశాస్త్రం నేర్చుకున్నాడు. సైబీరియాలోని ఇర్కుట్స్‌క్‌లో వైద్యుడిగా పనిచేసి, 1830లో సెంట్‌పీటర్స్‌బర్గ్‌లో స్థిరపడ్డాడు. రష్యన్ భాషలో ఆయన రాసిన రసాయనశాస్త్ర పాఠ్యపుస్తకం ఆ దేశంలో చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది.

ఆయన ఎన్నుకున్న ప్రయోగం చాలా సాదా. సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని అమ్మోనియాతో తటస్థీకరించి వెలువడిన వేడిని కొలిచాడు. తరువాత అదే ఆమ్లంలో ముందుగా కొంత నీరు కలిపి, ఆ కలపడంలో వచ్చిన వేడిని రాసుకుని, అప్పుడు తటస్థీకరించాడు. నీరు పెంచుతూ పోయినకొద్దీ తటస్థీకరణలో వచ్చే వేడి తగ్గింది. కలపడంలో వచ్చే వేడి మాత్రం అంతకంత పెరిగింది. రెంటినీ కూడితే, ఆయన వాడిన కొలమానంలో, ప్రతిసారీ 600కు అటూ ఇటూగానే తేలింది. చర్య ఒక్క మెట్టులో జరిగినా పది మెట్లలో జరిగినా మొత్తం వేడి ఒక్కటేనని 1840లో ఆయన ప్రకటించాడు. శక్తి నిత్యత్వం గురించి మేయర్ రాసింది 1842లో, హెల్మ్‌హోల్ట్జ్ రాసింది 1847లో. రసాయనశాస్త్రం వరకు ఆ సత్యాన్ని వారికంటే ముందే పట్టుకున్న ఘనత హెస్‌దే. 1850లో ఆయన మరణించేనాటికి ఈ పని విలువ గుర్తించినవారు కొద్దిమందే.

ఈ నియమం ఎంత పనికొస్తుందో బొగ్గు ఉదాహరణ చూపిస్తుంది. కార్బన్‌ను కేవలం కార్బన్ మోనాక్సైడ్ వరకే మండించి ఆపడం కుదరదు; కొంతైనా డయాక్సైడ్‌గా మారుతుంది. అందువల్ల ఆ చర్య వేడిని నేరుగా కొలవలేం. కానీ ఒక మోల్ కార్బన్ పూర్తిగా మండితే 393.5 కిలోజౌళ్లు వస్తాయి. ఒక మోల్ మోనాక్సైడ్ డయాక్సైడ్‌గా మారితే 283 కిలోజౌళ్లు. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే 110.5 కిలోజౌళ్లు మిగులుతాయి. కొలవలేని వేడి కాగితం మీద తీసివేతతో దొరికింది.

తటస్థ లవణాల ద్రావణాలను కలిపినప్పుడు వేడిలో మార్పు ఉండదని కూడా హెస్ గమనించాడు. దీనికి కారణం 1887లో అరీనియస్ అయనీకరణ సిద్ధాంతం వచ్చాకే తెలిసింది. అదే సిద్ధాంతం ప్రకారం, బలమైన ఆమ్లం, బలమైన క్షారం ఏవైనా విలీన ద్రావణాల్లో తటస్థీకరణోష్ణం మోల్‌కు సుమారు 57 కిలోజౌళ్లే, ఎందుకంటే అసలు చర్య హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు కలిసి నీరు కావడమే. ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాలను 50 మిల్లీలీటర్ల చొప్పున కలిపితే సుమారు 2.85 కిలోజౌళ్లు వెలువడి, మిశ్రమం ఉష్ణోగ్రత దాదాపు 6.8 డిగ్రీలు పెరుగుతుంది.

తోమ్సెన్, బెర్తెలో

19వ శతాబ్దపు ద్వితీయార్ధం ఇద్దరిది. కోపెన్‌హాగెన్‌లో యూలియస్ తోమ్సెన్ (1826-1909) సుమారు 3500 కెలోరీమీటర్ కొలతలు స్వయంగా చేసి, 1882-1886 మధ్య నాలుగు సంపుటాలుగా వెలువరించాడు. ఓపికకు మారుపేరైన ఈ కృషి ఫలితాలు ఇప్పటికీ అబ్బురపరుస్తాయి. ఒక మోల్ నీరు ఏర్పడటంలో వెలువడే వేడి 68 కిలోకెలోరీల పైచిలుకని ఆయన తేల్చాడు. నేటి విలువ 68.3 కిలోకెలోరీలు, అంటే 285.8 కిలోజౌళ్లు.

పారిస్‌లో మార్సెలిన్ బెర్తెలో (1827-1907) ఉష్ణమోచక, ఉష్ణగ్రాహక అన్న విభజనకు పేర్లు పెట్టాడు. 1881లో బాంబు కెలోరీమీటర్ రూపొందించాడు. ప్లాటినం తాపడం చేసిన గట్టి ఉక్కుపాత్రలో అధిక పీడనంలో ఆక్సిజన్ నింపి, లోపలి పదార్థాన్ని విద్యుత్తుతో అంటిస్తే క్షణంలో పూర్తిగా మండిపోతుంది. పాత్ర మునిగి ఉన్న నీటి ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో చూడటమే మిగిలిన పని. 1890లలో పియరీ మాహ్లర్ ప్లాటినం బదులు ఎనామెల్ పూత వాడటంతో ఖర్చు తగ్గింది. బొగ్గు నాణ్యతను కెలోరీల్లో చెప్పే పద్ధతి పరిశ్రమల్లోకి వెళ్లింది.

అత్యధిక వేడినిచ్చే దిశలోనే చర్యలు సాగుతాయని తోమ్సెన్ 1854లో అన్నాడు. బెర్తెలో అదే భావాన్ని గరిష్ఠ కార్య సూత్రంగా ప్రచారం చేశాడు. అది నిలవలేదు. నీళ్లలో అమ్మోనియం నైట్రేట్ వేస్తే దానంతట అదే కరుగుతుంది, నీళ్లు చల్లబడతాయి. చర్య దిశను నిర్ణయించేది వేడి ఒక్కటే కాదని, ఎంట్రోపీని కూడా కలుపుకున్న స్వేచ్ఛాశక్తి అని గిబ్స్ (1876-78), హెల్మ్‌హోల్ట్జ్ (1882) చూపారు. సూత్రం పోయినా ఇద్దరి కొలతలూ చెక్కుచెదరలేదు.

ఎంథాల్పీ

బాంబు పాత్రలో ఘనపరిమాణం మారదు కాబట్టి అక్కడ దొరికేది అంతర్గత శక్తి మార్పు. తెరిచిన పాత్రలో, వాతావరణ పీడనం వద్ద జరిగే చర్య వేడి దీనికి కాస్త భిన్నం. అంతర్గత శక్తికి పీడన ఘనపరిమాణాల లబ్ధాన్ని కలిపితే వచ్చే రాశిని గిబ్స్ అప్పటికే వాడాడు. దానికి ఎంథాల్పీ అన్న పేరు డచ్ శాస్త్రవేత్త కామర్లింగ్ ఓన్స్ పెట్టినది. 1922లో ఆల్ఫ్రెడ్ పోర్టర్ హెచ్ అన్న గుర్తును ప్రతిపాదించాడు. ఉష్ణోగ్రత మారితే చర్య వేడి ఎంత మారుతుందో లెక్కించే సూత్రాన్ని కిర్కాఫ్ 1858లోనే ఇచ్చాడు. స్ఫటికాల జాలక శక్తిని కట్టే బార్న్-హేబర్ చక్రం 1919 నాటిది.

మూలకాల నుంచి ఒక మోల్ పదార్థం ఏర్పడటంలోని ఎంథాల్పీ మార్పు సంశ్లేషణోష్ణం. ఉత్పన్నాల సంశ్లేషణోష్ణాల మొత్తంలోంచి క్రియాజనకాల మొత్తం తీసివేస్తే ఏ చర్య వేడైనా తెలుస్తుంది. కృష్ణా-గోదావరి బేసిన్ సహజవాయువులో ప్రధానభాగమైన మీథేన్ సంగతి చూద్దాం. కార్బన్ డయాక్సైడ్‌కు మైనస్ 393.5, రెండు మోల్‌ల ద్రవ నీటికి మైనస్ 571.6, మొత్తం మైనస్ 965.1. మీథేన్‌కు మైనస్ 74.8. తేడా మైనస్ 890.3 కిలోజౌళ్లు. ఇదే మీథేన్‌ను 25 డిగ్రీల వద్ద బాంబులో మండిస్తే సుమారు 885 వస్తుంది. మూడు మోల్‌ల వాయువు ఒక్క మోల్‌కు తగ్గడం వల్ల మిగతా 5 కిలోజౌళ్లు తెరిచిన పాత్రలోనే కనిపిస్తాయి.

ఈ సంశ్లేషణోష్ణాలకు నమ్మదగిన పట్టికలు 1930లలో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో ఫ్రెడరిక్ రోసీనీ కృషితో స్థిరపడ్డాయి. బిషోవ్‌స్కీతో కలిసి ఆయన కూర్చిన గ్రంథం 1936లో వచ్చింది. తరువాతి కాలంలో క్వాంటం సిద్ధాంతం ఆధారంగా కంప్యూటర్ గణనలు చేరాయి. జాన్ పోపుల్ (1998 నోబెల్) బృందం పద్ధతులు చిన్న అణువుల విషయంలో ప్రయోగాల కచ్చితత్వానికి దగ్గరగా వచ్చాయి.

గుర్తులు, ప్రమాణాలు

తోమ్సెన్, బెర్తెలో పట్టికల్లో వెలువడిన వేడికి ప్లస్ గుర్తు ఉంటుంది. ఇప్పుడు వ్యవస్థ కోల్పోయినదిగా లెక్కించి మైనస్ వేస్తారు. ఉష్ణరసాయన కెలోరీ 4.184 జౌళ్లకు సమానం. ప్రమాణ పీడనాన్ని అంతర్జాతీయ రసాయన సంఘం 1982లో ఒక అట్మాస్ఫియర్ నుంచి ఒక బార్‌కు మార్చింది. ఆ మార్పు వల్ల ఎంథాల్పీ విలువల్లో వచ్చే తేడా చాలా స్వల్పం. పాత గ్రంథాల విలువలను లెక్కల్లోకి తెచ్చుకునేటప్పుడు ముందు సరిచూడవలసింది గుర్తును, ఆ తరువాత కొలమానాన్ని.