పొంగల్ మ్యాచ్, శుక్రవారం మ్యాచ్

ఈరోజు ఎపిసోడ్ క్రికెట్ మీద. ఐపీఎల్ కాదు, వరల్డ్ కప్ కాదు, ముందే చెప్పేస్తున్నా. స్కోరు కార్డులు కావాలనుకునేవాళ్ళు ఈ ఒక్కసారికి క్షమించాలి.

కిందటి నెల మా అన్నయ్య, అంటే మా పెదనాన్నగారి అబ్బాయి, కువైట్ నుంచి ఒక వీడియో పంపించాడు. అక్కడ ఏసీ మెకానిక్. వీడియోలో ఇంకా సరిగ్గా తెల్లారలేదు. ఇసక నేల, మధ్యలో సిమెంటు పిచ్, దాని మీద చాప. టెన్నిస్ బంతికి ఎలక్ట్రికల్ టేపు చుట్టి ఆడుతున్నారు. ఈ టేప్ బాల్ కరాచీ వీధుల్లో పుట్టిన ఆట, మనవాళ్ళకి గల్ఫ్ వెళ్ళాకే అలవాటవుతుంది. ఒకడి టీషర్ట్ వెనకాల రాజోలు అని రాసుంది. ఎవరో బౌండరీ కొట్టారు, కెమెరా వెనక నుంచి ఒక గొంతు "ఆయ్, అదండీ దెబ్బంటే!" అంది. కువైట్ ఎడారిలో ఆ "ఆయ్" వినగానే నాకు నవ్వొచ్చింది.

ఫోన్ చేసి "గ్రౌండ్ బాగుందన్నయ్యా" అన్నాను. "గ్రౌండేంట్రా, ఖాళీ స్థలం. ఇవాళ ఉంది, రేపు ఎవరో కంచె వేస్తే లేదు. పచ్చగడ్డి గ్రౌండ్లు క్లబ్బుల్లో ఉంటాయి, మనకెవడిస్తాడు" అన్నాడు. మరి ఇంత పొద్దున్నే ఎందుకంటే, సెలవు శుక్రవారం ఒక్కరోజే, ఎండెక్కితే ఆడలేమన్నాడు.

నేను ఐదేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కదా, ఎక్కడైనా ఎర్రర్ కనిపిస్తే వెనక్కి వెతుక్కుంటూ పోయే జబ్బు పోలేదు. ఆట ఆడాలంటే బ్యాటూ బంతీ ఎలాగోలా దొరుకుతాయి. కావాల్సినవి రెండు: ఒక గ్రౌండు, ఒక సెలవు రోజు. ఆ రెండూ ఎవరి చేతిలో ఉంటాయి? అలా వెతుక్కుంటూ వెళ్తే నేను కువైట్‌లో కాదు, మద్రాసు చెపాక్‌లో తేలాను.

పరాయి దేశానికి ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళు అక్కడ ఒక స్పోర్ట్స్ క్లబ్ పెట్టుకోవడం మన దేశంలో చాలా పాత సంగతి. అప్పుడు ఆ పరాయి దేశం మనదే. కలకత్తా క్రికెట్ క్లబ్ 1792 నాటికే ఉంది. మద్రాస్ క్రికెట్ క్లబ్ 1846లో మొదలైంది, తర్వాత చెపాక్‌కి మారింది. సభ్యులంతా యూరోపియన్లు: కంపెనీల్లో పనిచేసేవాళ్ళు, కలెక్టర్లు, మిలిటరీ ఆఫీసర్లు. ఇప్పటి భాషలో వాళ్ళని ఎక్స్‌పాట్లు అంటాం. మా అన్నయ్యని మాత్రం ఎవరూ ఎక్స్‌పాట్ అనరు, గల్ఫ్ వెళ్ళినోడు అంటారు. సరే, అది ఇంకో ఎపిసోడ్.

ఆ మద్రాసులో మన తెలుగాయన ఒకరున్నారు. పూర్తి పేరు మోదవరపు వెంకట మహీపతి నాయుడు. అందరికీ బుచ్చిబాబు నాయుడుగానే తెలుసు. 1868లో పుట్టారు. తాతగారు పెద్ద దుబాసీ, అంటే ఇంగ్లీషు వ్యాపార కంపెనీకీ ఊరివాళ్ళకీ మధ్య మాట, లావాదేవీ నడిపేవారు. మైలాపూర్‌లో లజ్ హౌస్ అనే పెద్ద బంగళా, డబ్బుకి లోటు లేదు. అయినా చెపాక్‌లో యూరోపియన్లతో ఆడటానికి వెళ్తే మధ్యాహ్నం భోజనాల దగ్గర లెక్క వేరు. వాళ్ళు పెవిలియన్‌లో, మనవాళ్ళు చెట్ల కింద. ఆట మాత్రం కలిసే ఆడొచ్చు!

బుచ్చిబాబుగారు దాన్ని పట్టించుకోనట్టు నటించలేదు. 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టారు. ఎస్ప్లనేడ్‌లో స్థలం, సొంత డబ్బుతో సామాను, ఆట తెలిసిన కుర్రాళ్ళని పోగేసి నేర్పించడం. అప్పుడు చెపాక్ వాళ్ళతో సమానంగా కూర్చుని మాట్లాడగలిగారు. మీరొక క్లబ్బు, మేమొక క్లబ్బు, పిలిస్తే గౌరవంగా పిలవండి అని. మద్రాసులో యూరోపియన్లకీ భారతీయులకీ ఏటా మ్యాచ్ జరగాలని ఆయన చాలా పాటుపడ్డారు, కానీ 1908లోనే చనిపోయారు. 1915-16 సీజన్ నుంచి ఆ మ్యాచ్ ప్రెసిడెన్సీ మ్యాచ్ పేరుతో దాదాపు ఏటేటా జరిగింది. 1952 దాకా నడిచింది. స్వాతంత్ర్యం వచ్చాక జట్టు కట్టడానికి మద్రాసులో సరిపడా యూరోపియన్లే మిగల్లేదు.

ఆయన కొడుకుల్లో ఒకరి గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేను. కోటా రామస్వామి. తల్లివైపు వాళ్ళకి దత్తత వెళ్ళడం వల్ల ఇంటిపేరు మారింది. 1922లో డేవిస్ కప్‌లో మన దేశానికి టెన్నిస్ ఆడారు. 1936లో ఇంకో తెలుగాయన, విజయనగరం విజ్జీ కెప్టెన్సీలో ఇంగ్లండ్ వెళ్ళి, నలభై ఏళ్ళు దాటాక మొదటి టెస్టు ఆడారు. రెండు టెస్టుల్లో 40, 60, 29, 41 నాటౌట్. అంతే, మళ్ళీ టెస్టు లేదు. 1985 అక్టోబర్‌లో, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో, ఇంట్లోంచి బయటికి వెళ్ళారు. తిరిగి రాలేదు. ఏమయ్యారో ఎవరికీ తెలీదు. ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ ప్రెసిడెన్సీ మ్యాచ్‌ని మద్రాసు జనం పొంగల్ మ్యాచ్ అనేవారు. సంక్రాంతి రోజుల్లో జరిగేది కాబట్టి. జనవరిలో వర్షం ఉండదు, ఎండా తక్కువ, ఊరంతా సెలవు. గ్రౌండ్ దొరలదే, కానీ తేదీ మన పండగది. నాకు ఇది చాలా నచ్చింది. స్థలం వాళ్ళ చేతిలో ఉన్నా, చూడ్డానికి వచ్చే జనానికి తీరిక ఎప్పుడో దాన్నిబట్టి క్యాలెండర్ మారింది.

మా కోనసీమలో కూడా టోర్నమెంట్లంటే సంక్రాంతికే. ఎందుకంటే మాకు అసలు ఖాళీ స్థలం ఉండదు. చూసినంత మేర కొబ్బరితోట, లేకపోతే వరిచేను, లేకపోతే కాలవ. సార్వా కోతలయ్యాక దాళ్వా నాట్లు పడేలోపు దొరికే ఆ కాస్త వ్యవధిలో, కోసిన చేలో మోళ్ళు చెక్కి, తొక్కి, పిచ్ తయారుచేస్తాం. చేను గలాయన నీళ్ళు పెట్టేస్తానన్నాడంటే సెమీ ఫైనల్ అయినా ఆపాల్సిందే. హైస్కూల్ గ్రౌండ్ ఉన్న ఊరివాళ్ళంటే మాకు ఇప్పటికీ అసూయ. ఇంకో మాట కూడా చెప్పాలి. ఏ చేలో ఏ పేట కుర్రాళ్ళు దిగొచ్చు అనే లెక్క మా చిన్నప్పుడు ఉండేది. ఎవరూ బోర్డు పెట్టేవారు కాదు, అందరికీ తెలిసుండేది.

ఆ లెక్క ఎంత పాతదో పల్వంకర్ బాలూ కథ చదివితే తెలుస్తుంది. ధార్వాడలో పుట్టిన దళిత కుటుంబం వాడు. పూనాలో యూరోపియన్ల క్లబ్బులో పిచ్ చదును చేసే పని. నెట్స్‌లో దొరలకి గంటల తరబడి ఎడమచేత్తో స్పిన్ వేసేవాడు. బౌలింగ్ వెయ్యమనేవాళ్ళే గానీ బ్యాట్ చేతికి ఇచ్చేవాళ్ళు కాదు. ఆ బౌలింగ్ చూసి పూనా హిందూ జట్టు వాళ్ళు ఆడమని పిలిచారు. మైదానంలో అతను ముట్టుకున్న బంతిని అందరూ ముట్టుకున్నారు. టీ విరామంలో మాత్రం అతనికి పెవిలియన్ బయట, మట్టి ముంతలో టీ. మద్రాసులో దొరలు నాయుడుగారిని చెట్టు కిందకి పంపారని ఇందాక కోపం వచ్చింది కదా? ఇక్కడ పంపింది మనవాళ్ళే. 1911లో ఇంగ్లండ్ వెళ్ళిన జట్టులో ఆ బాలూ వందకి పైగా వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టుకి ఎప్పుడూ కెప్టెన్ కాలేదు. ఆ గౌరవం 1923లో తమ్ముడు విఠల్‌కి దక్కింది. బాలూ 1937 ఎన్నికల్లో బొంబాయిలో అంబేడ్కర్ మీద పోటీ చేసి ఓడిపోయాడు. అంబేడ్కర్ పేరున్న జిల్లాలో ఉండి ఈ సంగతి నాకు ఇరవై ఏడేళ్ళు వచ్చేదాకా తెలీదు.

బొంబాయిలో కూడా ఇదే కథ. 1926 డిసెంబర్‌లో మన సి.కె. నాయుడు బొంబాయి జింఖానా గ్రౌండ్‌లో, ఇంగ్లండ్ నుంచి వచ్చిన గిలిగన్ జట్టు మీద 153 కొట్టారు, అందులో 11 సిక్సర్లు. 1933లో మన దేశంలో జరిగిన మొట్టమొదటి టెస్టు అదే గ్రౌండ్‌లో, కెప్టెన్ ఆయనే. అప్పటికి ఆ జింఖానాలో భారతీయులకి సభ్యత్వం లేదు. దేశం కెప్టెన్ వచ్చి ఆడొచ్చు, సభ్యుడు కాలేడు. చెపాక్‌లో ఆయన కొట్టిన ఒక సిక్స్ గ్రౌండ్ దాటి కొబ్బరిచెట్టు దగ్గర పడిందని చెప్పుకుంటారు. కొబ్బరిచెట్టు కాబట్టి మావాళ్ళకి ఈ కథ చెప్తే వెంటనే నమ్మేశారు.

సరే, ఇక్కడి నుంచి గల్ఫ్‌కి ఎలా వెళ్తాం? దూరమేమీ కాదు. 1947 వరకు గల్ఫ్‌లో బ్రిటిష్ వ్యవహారాలు చూసింది ఢిల్లీలోని ఇండియా ప్రభుత్వమే. కువైట్‌లో 1961 దాకా చెలామణి అయింది రూపాయే. 1932లో బహ్రెయిన్‌లో, 1938లో కువైట్‌లో చమురు పడింది. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం ఎడారిలో ఊళ్ళు కట్టాయి, బహ్రెయిన్‌లో అవాలీ, కువైట్‌లో అహ్మదీ. ఇంగ్లీషువాళ్ళున్న చోట క్లబ్బు ఉండాలి, క్లబ్బున్న చోట క్రికెట్ ఉండాలి. అహ్మదీలో కువైట్ ఆయిల్ కంపెనీ వాళ్ళ హుబారా క్లబ్ అలాంటిదే. చెపాక్‌లో చేసిందే మళ్ళీ చేశారు, ఈసారి ఇసకలో.

తర్వాత ఆట చేతులు మారింది. ఇంగ్లీషువాళ్ళు తగ్గారు, ఇండియా, పాకిస్తాన్, శ్రీలంక, బంగ్లాదేశ్ వాళ్ళు పెరిగారు. ఒమన్‌లో 1970ల చివర నుంచి ఈ ఆటని నిలబెట్టింది కచ్ మూలాలున్న వ్యాపారి కనక్‌సీ ఖిమ్జీ. షార్జాలో బుఖాతిర్ స్టేడియం కట్టి 1984లో ఆసియా కప్ తెచ్చారు. ఒమన్ జట్టు 2021 టీ20 వరల్డ్ కప్ ఆడింది కదా, అందులో సందీప్ గౌడ్ హైదరాబాద్‌లో పుట్టినవాడు. అంటే దారి లేకపోలేదు. అయితే కంపెనీ ఉద్యోగంతో పాటు కంపెనీ జట్టు ఉన్నవాడికి ఒక దారి, ఏసీ మెకానిక్‌కి ఇంకో దారి. సెలవు రోజు సంగతి కూడా అంతే. కువైట్ 2007లో వారాంతాన్ని గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకి మార్చింది. ఒమన్ 2013లో మార్చింది. ఎమిరేట్స్ 2022లో శని, ఆదివారాలు చేసింది. ఆఫీసువాళ్ళకి రెండు రోజులు అటూ ఇటూ మారాయి. మా అన్నయ్యకి ముందూ ఒక్క శుక్రవారమే, ఇప్పుడూ ఒక్క శుక్రవారమే.

ఇదంతా రాసుకుని మా పిన్నికి చదివి వినిపించాను. 1996 నవంబర్ తుఫానులో మా కొబ్బరిచెట్లు సగానికి పైగా పడిపోయాయి. కొత్త చెట్టు కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, అప్పు అన్నేళ్ళు ఆగదు. మా ఇంట్లో గల్ఫ్ ప్రయాణాలు అక్కడ మొదలయ్యాయి. పిన్ని కువైట్‌లో ఒక ఇంట్లో తొమ్మిదేళ్ళు పనిచేసి 2013లో వచ్చేసింది. మొత్తం విని "కువైట్‌లో క్రికెట్టా? ఎక్కడ్రా?" అంది.

"శుక్రవారం పొద్దున్న ఆడతారు పిన్నీ."

"శుక్రవారమా! శుక్రవారం చుట్టాలొచ్చే రోజురా. మచ్‌బూస్ గిన్నెలు తోమడానికి సాయంత్రం అయ్యేది."

నేను రాసుకున్నదంతా మగవాళ్ళ లెక్కేనని అప్పుడు తట్టింది. కోనసీమ నుంచి కువైట్ ఇళ్ళల్లో పనికి వెళ్ళినవాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమందో మా వైపు ఏ వీధిలో అడిగినా తెలుస్తుంది. కువైట్‌లో ఇంటిపనివాళ్ళకి వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని చట్టం వచ్చిందే 2015లో. పిన్ని తిరిగొచ్చిన రెండేళ్ళకి. చెట్టు కిందో పెవిలియన్‌లోనో అని మనం గొడవపడుతున్నాం గానీ, ఆవిడ గ్రౌండ్ గేటు దాకా కూడా రాలేదు.

మొన్న సంక్రాంతికి మా ఊరి టోర్నమెంట్‌లో రెండో బహుమతి డబ్బు ఇచ్చింది పిన్నే. చేలో కట్టిన ఫ్లెక్సీ మీద మాత్రం బాబాయ్ ఫొటో వేశారు, దాత అని. కుర్రాళ్ళ మీద అరిచాను. పిన్ని "పోనీలేరా, నాకేం క్రికెట్ వచ్చా" అని కొట్టిపారేసింది.

ఫైనల్ రోజు మాత్రం ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని, గట్టు మీద, సరిగ్గా లాంగాన్ బౌండరీ వెనకాల కూర్చుంది. రెండు ఓవర్లు చూశాక నన్ను పిలిచి "ఒక్కొక్కడికి ఆరు బంతులేనా?" అని అడిగింది.

ఆరే పిన్నీ, అన్నాను.

ఉంటానండి మరి, వచ్చే వారం కలుద్దాం.