మూలమట్టపు కోత

బల్ల రంపం మీద చెక్క సరిగ్గా 90 డిగ్రీలకు తెగేలా, దాన్ని మోసుకెళ్లే జరిగే బల్లనూ ఆనుపట్టీనీ బ్లేడుకు కుదిర్చే పని. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు మూలమట్టాన్ని గునియా అనీ అంటారు. దర్వాజ చౌకట్టు మూలలు కలవడం, రెక్క రాసుకోకుండా పడడం ఈ కుదుర్పు మీదే ఆధారపడతాయి.

ప్లగ్గు పీకాకే చెయ్యి పెట్టాలి. ముందు చూడాల్సింది బల్ల నడక. బల్లకు బిగించిన పుల్ల నుంచి బ్లేడుపై గుర్తు పెట్టిన ఒకే పన్నుకు దూరం ముందూ వెనకా సమానంగా రావాలి. రాకపోతే ఆనుపట్టీని ఎంత సర్దినా కోత అంచు కాలుతుంది. ఆ తర్వాతే పట్టీకి గునియా ఆనించాలి. గునియానూ గుడ్డిగా నమ్మకూడదు: గీత గీసి, తిరగేసి అదే చోట మళ్లీ గీస్తే రెండు గీతలూ ఒకటి కావాలి.

అసలు పరీక్ష ఐదు కోతలది. పలకను ఒకే వైపు తిప్పుతూ, కోసిన అంచునే ప్రతిసారీ పట్టీకి ఆనిస్తూ నాలుగు వైపులా కోయాలి. ఐదోసారి మొదటి వైపు నుంచే సన్నని ముక్క తీయాలి. 300 మిల్లీమీటర్ల పొడవైన ఆ ముక్క వెడల్పు రెండు కొసల్లో 1.2 మిల్లీమీటర్లు తేడా చూపితే, నాలుగో వంతు, అంటే 0.3 మిల్లీమీటర్లు, ఆ పొడవుకు పట్టీ అసలు తప్పు. గునియాకు అందని చిన్న తప్పు కూడా ఇలా నాలుగింతలై కంటికి కనిపిస్తుంది.

పెద్ద పలకలకు మేస్త్రీల 3-4-5 లెక్క చాలు: మూల నుంచి ఒక వైపు 3, రెండో వైపు 4 కొలిస్తే ఐమూల 5 రావాలి. శుల్బసూత్రాల నాటి నియమమే అది. ఐదు కోతల పరీక్షకు ప్లైవుడ్ మేలు. వేప, తుమ్మ పలకలు ఎండలకు నారకు అడ్డంగా కుంచించుకుపోతాయి.